నడుస్తున్నప్పుడే కొలవాలి

(విశాఖపట్నంలోని ఒక కాలనీ సంక్షేమ సంఘం హాల్లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం. చివర సభలో వచ్చిన రెండు ప్రశ్నలు, వాటి జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కపోతలో, ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డుకి పోకుండా ఇక్కడికొచ్చి కూర్చున్నారు, చాలా సంతోషం. ముందు వరసల్లో ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలు కనిపిస్తున్నారు. వెనక పెద్దవాళ్లు, ఇల్లు చూసుకునే అమ్మలు, వైరింగ్ పని చేసే తమ్ముళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అందరికీ అక్కరకొచ్చే సంగతే మాట్లాడతాను. లెక్కలంటే భయం ఉన్నవాళ్లు కంగారుపడకండి. ఈరోజు కావలసింది గుణకారం, భాగహారం, అంతే.

ముందు ఈ బల్బు చూడండి. పాత ఫిలమెంట్ బల్బు. ఇళ్లలో ఇప్పుడు దాదాపుగా లేవు కానీ, మోటార్లు రిపేరు చేసే షాపుల్లో, పరీక్షించే వస్తువులోకి కరెంట్ బల్బు గుండానే వెళ్లేలా కట్టిన సిరీస్ బోర్డు మీద ఇంకా వెలుగుతూనే ఉంటాయి. దీని మీద 230 వోల్టులు, 100 వాట్లు అని రాసి ఉంది. బాబూ, నువ్వు ఇలా రా. బల్బు దేనికీ తగిలించలేదు, చూశావు కదా. వోల్టులు, ఆంపియర్లు, ఓమ్‌లు అన్నీ కొలిచే ఈ మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టు. బల్బు కింద రెండు సీసం బొట్లు ఉన్నాయి, వాటికి రెండు ప్రోబులూ ఆనించు. ఎంత చూపిస్తోంది?

(విద్యార్థి: 39 సార్.)

39 ఓమ్‌లు. అంటే కరెంట్‌కి ఈ బల్బు పెట్టే అడ్డు, రెసిస్టెన్స్, అంత. మంచిది. ఇప్పుడు ఇంట్లో కరెంటు 230 వోల్టులు అనుకుని లెక్క వేద్దాం. 230ని 39తో భాగిస్తే 5.9 ఆంపియర్లు. ఆ 5.9ని 230తో గుణిస్తే 1350 వాట్ల పైమాట. అంటే ఈ బల్బు ఇస్త్రీ పెట్టెకన్నా ఎక్కువ లాగాలి! మరి మీద 100 వాట్లని రాశారు. రాసినవాడిది తప్పా, మన మీటరుది తప్పా?

ఈ చెక్క బోర్డుకి ఒక వోల్ట్ మీటరు, కరెంట్ కొలిచే ఒక ఆమ్మీటరు బిగించి తెచ్చాను. బల్బు పెట్టి స్విచ్ వేస్తున్నాను. రీడింగులు గట్టిగా చదువు బాబూ. 226 వోల్టులు. 0.43 ఆంపియర్లు. ఈ రెండూ బోర్డు మీద రాయి. ఇప్పుడు భాగించు: 226 బై 0.43, దాదాపు 525. గుణించు: 97. కాబట్టి వెలుగుతున్న బల్బు రెసిస్టెన్స్ 525 ఓమ్‌లు, అది తీసుకుంటున్న పవర్ 97 వాట్లు. హాల్లో వోల్టేజ్ 230కి నాలుగు తక్కువ ఉంది కాబట్టి నూటికి మూడు వాట్లు తగ్గాయి. రాసినవాడిది తప్పు కాదు. మీటరుదీ తప్పు కాదు. ఆరిపోయి చల్లగా ఉన్న బల్బు వేరు, వెలుగుతున్న బల్బు వేరు.

వెలుగుతున్నప్పుడు ఫిలమెంట్‌లోని టంగ్‌స్టన్ తీగ సుమారు 2500 డిగ్రీల వేడిలో ఉంటుంది. లోహం వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. అందుకే 39 కాస్తా 525 అయింది. స్విచ్ వేసిన ఆ మొదటి క్షణంలో మాత్రం బల్బు నిజంగానే ఐదారు ఆంపియర్లు లాగుతుంది, రెప్పపాటులో వేడెక్కి సర్దుకుంటుంది. పాతకాలం వాళ్లకి గుర్తుండే ఉంటుంది, బల్బు మాడిపోయేదంటే ఎక్కువగా స్విచ్ వేయగానే టప్పుమని పోయేది. కారణం ఆ మొదటి దెబ్బే.

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇదే. వోల్టేజ్, కరెంట్, ఈ రెండు రీడింగులూ ఒకే వస్తువు మీద, ఒకే సమయంలో, ఆ వస్తువు పని చేస్తున్నప్పుడు తీసుకోవాలి. అప్పుడు భాగిస్తే రెసిస్టెన్స్, అంటే పుస్తకాల్లో నిరోధం అంటారు చూశారా, అది తేలుతుంది. గుణిస్తే పవర్ తేలుతుంది. వోల్టేజ్ ఇక్కడిది, కరెంట్ అక్కడిది, ఒకటి ఇప్పటిది, ఇంకోటి లేబుల్ మీద చూసినది తీసుకుని కలిపితే, వచ్చే అంకె ఎందుకూ కొరగాదు.

భాగిస్తే రెసిస్టెన్స్ ఎందుకు వస్తుందో పిల్లలు చెప్పేస్తారు. వోల్టేజ్ ఇంత ఉంటే కరెంట్ ఇంతే పోతోంది, కాబట్టి అడ్డు ఇంత ఉంది అని. గుణిస్తే పవర్ ఎందుకు వస్తుందని అడిగితే మాత్రం చాలామంది ఫార్ములా అప్పజెప్పి ఆగిపోతారు. అది తెలుసుకుంటే ఫార్ములా గుర్తుపెట్టుకోవలసిన పనే ఉండదు. 230 వోల్టులు అంటే, ప్రతి కూలుంబు విద్యుదావేశమూ ఆ వస్తువులోంచి వెళ్లేటప్పుడు 230 జౌళ్ల శక్తి దానికి అప్పగించి వెళ్తుందని అర్థం. ఒక ఆంపియర్ అంటే సెకనుకి ఒక కూలుంబు. గీజర్ 8.7 ఆంపియర్లు తీసుకుంటోందంటే సెకనుకి 8.7 కూలుంబులు వెళ్తున్నాయి, ఒక్కొక్కటీ 230 జౌళ్లు వదిలిపోతోంది. సెకనుకి మొత్తం రెండు వేల జౌళ్లు. సెకనుకి ఒక జౌలు అయితే దాన్నే వాట్ అంటాం. అదే మీ రెండు వేల వాట్ల గీజర్.

మన ఇళ్లలో వచ్చేది ఏసీ, అంటే దిశ మార్చుకుంటూ ఉండే కరెంటు కదా, వోల్టేజ్ సెకనుకి యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంటే 230 అని ఎలా అంటాం? నిజానికి అది 325 దాకా ఎక్కి దిగుతుంది. వేడి విషయంలో 230 వోల్టుల డీసీ, అంటే ఒకే దిశలో పోయే కరెంటు, ఎంత పని చేస్తుందో అంతే పని చేసేలా ఆ సగటు తీస్తారు. కాబట్టి బల్బు, గీజర్, ఇస్త్రీ పెట్టె లాంటి వాటికి డీసీ లెక్కే సరిగ్గా సరిపోతుంది. మోటార్లకి సరిపోదు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగించే ఈ సూత్రానికి ఎవరి పేరు పెట్టారో, ఆ జార్జ్ సైమన్ ఓమ్ గురించి ఒక్క ముక్క. 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. ఓమ్ కొలోన్ నగరంలో బడిలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పేవాడు. ఆయన ప్రయోగానికి పెద్ద అడ్డంకి ఏమిటంటే, ఆనాటి బ్యాటరీల నుంచి కరెంట్ తీస్తుంటే వోల్టేజ్ పడిపోతూ ఉండేది. ఒక రీడింగు తీసేలోపు ఇంకోటి మారిపోతే లెక్క కుదరదు. అందుకని ఆయన బ్యాటరీ పక్కన పెట్టేసి, బిస్మత్, రాగి కలిపిన జోడు తీసుకుని ఒక అతుకుని మరిగే నీళ్ల వేడిలో, ఇంకో అతుకుని మంచులో ఉంచాడు. ఆ రెండు వేడిమిలు మారనంతసేపూ వోల్టేజ్ కదలదు. వైరు పొడవులు మారుస్తూ కరెంట్ కొలిచాడు. 1827లో పుస్తకం వేశాడు. సొంత దేశంలో చాలాకాలం పెద్దగా పట్టించుకోలేదు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కోప్లీ పతకం ఇచ్చింది. అదే 1841లో ఇంగ్లండులో జౌల్, వైరులో పుట్టే వేడి కరెంట్ వర్గాన్ని బట్టి పెరుగుతుందని తన ప్రయోగాల వ్యాసం ప్రచురించాడు. ఓమ్ పడిన కష్టమంతా రెండు రీడింగులూ నిలకడగా ఒకేసారి దొరకడం కోసమే. నాకు ఆయన మీద గౌరవం అందుకే.

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. ఏటా క్లాసులో నేను ఈ ప్రశ్న అడుగుతాను. రెసిస్టెన్స్ పెరిగితే వేడి పెరుగుతుందా, తగ్గుతుందా? సగం మంది పెరుగుతుంది అంటారు. ఎందుకంటే పవర్ అంటే కరెంట్ వర్గం ఇంటూ రెసిస్టెన్స్. మిగతా సగం తగ్గుతుంది అంటారు. ఎందుకంటే పవర్ అంటే వోల్టేజ్ వర్గం బై రెసిస్టెన్స్. రెండూ ఒకే లెక్క నుంచి పుట్టిన ఫార్ములాలే. రెండూ నిజమే. మరి జవాబు తలకిందులుగా ఎందుకు వస్తోంది?

ఏది మారకుండా ఉంటుందో చూసుకోవాలి. గీజర్‌కి లైన్ నుంచి వచ్చే వోల్టేజ్ ఇంచుమించు కదలదు. గీజర్ రెసిస్టెన్స్ ఎక్కువైనా తక్కువైనా లైను 230 ఇస్తూనే ఉంటుంది. కాబట్టి అక్కడ రెసిస్టెన్స్ తగ్గితే పవర్ పెరుగుతుంది. రెండు వేల వాట్ల గీజర్‌కి 26 ఓమ్‌లు, వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెకి 53 ఓమ్‌లు. తక్కువ ఓమ్‌లు ఉన్నదే ఎక్కువ వేడి. అదే గీజర్‌కి వెళ్లే దారిలో ఒక లూజ్ కనెక్షన్ ఉందనుకోండి. దాని రెసిస్టెన్స్ ఎంత, అర ఓమో పావు ఓమో. 26 ఓమ్‌ల ముందు అది లెక్కలోకి రాదు. దానిలోంచి ఎంత కరెంట్ పోవాలో గీజరే నిర్ణయించేస్తుంది. అక్కడ కదలనిది కరెంట్. కాబట్టి ఆ అతుకు రెసిస్టెన్స్ పెరిగేకొద్దీ అక్కడ వేడి పెరుగుతుంది. మనం డబ్బులిచ్చి కొన్న రెసిస్టెన్స్‌కి ఒక న్యాయం, కొనకుండా వచ్చి కూర్చున్న దానికి ఇంకో న్యాయం. ఇది పట్టుబడితే సగం ఎలక్ట్రికల్ వచ్చేసినట్టే.

మొదటిదాని మీద, అంటే గీజర్ మీద ఒక చిన్న లెక్క. ఎండాకాలంలో ఊరంతా ఏసీలు వేసే వేళ కొన్ని వీధుల్లో వోల్టేజ్ 200కి పడిపోతుంది. గీజర్‌లో ఉండేది నైక్రోమ్ అనే మిశ్రలోహపు కాయిలు. అది బల్బు ఫిలమెంట్ లాంటిది కాదు, వేడెక్కినా రెసిస్టెన్స్ చాలా కొద్దిగా మారుతుంది. 26.45 ఓమ్‌లు అలాగే ఉన్నాయనుకుంటే కరెంట్ 7.56 ఆంపియర్లు, పవర్ 1512 వాట్లు. వోల్టేజ్ పదమూడు శాతం పడితే పవర్ పావు వంతు పోయింది. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకి కాగడానికి 230 దగ్గర పావుగంటకి కాస్త పైన పడుతుంది, 200 దగ్గర 21 నిమిషాలు పడుతుంది. లో వోల్టేజ్ కదా, బిల్లు తగ్గుతుందిలే అనుకోకండి. నీళ్లకి కావలసిన శక్తి ఎప్పుడైనా ఒకటే, అర యూనిట్‌కి కాస్త ఎక్కువ. తక్కువ పవర్‌తో ఎక్కువసేపు ఆడుతుంది, అంతే.

ఇక రెండోదాని గురించి, అంటే లూజ్ కనెక్షన్ గురించి కాస్త నిదానంగా చెప్తాను. మన విశాఖలో ఉండేవాళ్లకి ఇది ముఖ్యం.

పెదవాల్తేరులో, సముద్రానికి దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్. తెలిసినవాళ్లిల్లు. గీజర్ వేస్తే కాలిన వాసన వస్తోందని పిలిచారు. అంతకుముందు ఒకతను వచ్చి గీజర్ కాయిలు మార్చి వెళ్లాడు. వాసన పోలేదు. ఇంకొకతను వచ్చి ఎంసీబీ, అంటే కరెంట్ ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్, మార్చేశాడు. అయినా పోలేదు. "ఏటి మాస్టారూ, ఎంసీబీ ఒక్కసారీ పడలేదు కదా, మరి కాలుతున్నదేటి?" అని అడిగారు ఆ ఇంటి పెద్దావిడ. చాలా మంచి ప్రశ్న అది.

గీజర్ ఆపేసి ఉన్నప్పుడు కొలిచాను. మెయిన్ బోర్డు దగ్గర 232 వోల్టులు. గీజర్ టెర్మినల్స్ దగ్గర కూడా 232. ఇక్కడితో ఆపేస్తే అంతా బాగానే ఉందని చెప్పి టీ తాగి వచ్చేయాలి. "అమ్మా, గీజర్ వేయండి" అన్నాను. ఇప్పుడు మెయిన్ బోర్డు దగ్గర 230. గీజర్ దగ్గర 224. కరెంట్ తెచ్చే ఫేజు వైరుకి టాంగ్ టెస్టర్, అంటే వైరు చుట్టూ పట్టించి కరెంట్ కొలిచే మీటరు, వేస్తే 8.5 ఆంపియర్లు.

పిల్లలూ, ఇవి రాసుకోండి. 224ని 8.5తో భాగిస్తే 26.4 ఓమ్‌లు. గీజర్ కాయిలు నిక్షేపంలా ఉంది. అనవసరంగా మార్చారు. ఇక మెయిన్ బోర్డుకీ గీజర్‌కీ మధ్య ఆరు వోల్టులు ఎక్కడో పోతున్నాయి. అందులో వైరు వాటా ఎంతో చూద్దాం. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బోర్డు నుంచి గీజర్ దాకా ఇంచుమించు 15 మీటర్లు. వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, మొత్తం 30 మీటర్లు. ఆ వైరుకి కిలోమీటరుకి 7.4 ఓమ్‌లు. 30 మీటర్లకి 0.22 ఓమ్. దాన్ని 8.5తో గుణిస్తే 1.9 వోల్టులు. అది వైరు సొంత ఖర్చు, ఎవరూ తప్పించలేరు. మిగిలింది నాలుగు వోల్టుల పైన. నాలుగుని 8.5తో గుణించండి. 34 వాట్లు. భాగించండి. అర ఓమ్‌కి కాస్త తక్కువ.

34 వాట్లే కదా అనిపిస్తుంది. వైరు కూడా 16 వాట్లు తింటోంది కానీ 30 మీటర్ల పొడవునా పంచుకుంటోంది, మీటరుకి అర వాట్. చెయ్యి పెడితే వెచ్చదనం కూడా తెలియదు. ఈ 34 వాట్లు మాత్రం ఒక్క స్క్రూ దగ్గర పోగవుతున్నాయి. రేడియో రిపేరు షాపులో సీసాన్ని కరిగించే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. దానికన్నా ఎక్కువ వేడి ప్లాస్టిక్ సాకెట్ లోపల, గోడలో, రోజూ పావుగంట.

మెయిన్ ఆపించి సాకెట్ విప్పాం. న్యూట్రల్, అంటే కరెంట్ తిరిగి వెళ్లే వైరు, దాని టెర్మినల్ ఇత్తడి ముక్క మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. వైరులో సగం పోగులే రంధ్రంలోకి వెళ్లాయి, మిగతావి బయటే వంగి ఉన్నాయి. స్క్రూ డ్రైవర్ పెడితే ముప్పావు చుట్టు తిరిగింది. అంటే అంత లూజుగా ఉంది. వైరు తొడుగు రెండు అంగుళాల మేర గోధుమరంగుకి తిరిగి, వంచితే పెళుసుగా విరిగిపోతోంది. ఆ మేర కోసేసి, కొత్త సాకెట్ పెట్టి, పోగులన్నీ మెలిపెట్టి దోపి గట్టిగా బిగించాం. మళ్లీ గీజర్ వేశాం. మెయిన్ దగ్గర 230, గీజర్ దగ్గర 228. ఆ రెండు వోల్టుల తేడా వైరుదే. వాసన పోయింది.

ఇప్పుడు ఆవిడ ప్రశ్నకి జవాబు. బాగుచేశాక కరెంట్ 8.6 ఆంపియర్లు. చెడిపోయి ఉన్నప్పుడు 8.5. చూశారా, లోపం ఉన్నప్పుడు కరెంట్ పెరగలేదు, తగ్గింది. ఎంసీబీ చూసేది కరెంట్ ఎక్కువైందా అని మాత్రమే. లూజ్ కనెక్షన్ దానికి కనిపించదు. కంటికి కనపడని ఆ నాలుగు వోల్టులు పట్టుకోవాలంటే లోడ్, అంటే కరెంట్ తీసుకునే గీజర్ లాంటి వస్తువు, వేసి వోల్ట్ మీటరుతో చూడాల్సిందే. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి కొలిస్తే కూడా తేలదు. దాని ప్రోబు వైర్లకే పావు ఓమ్ దాకా ఉంటుంది.

మన ఊళ్లో ఇది ఎక్కువ. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ ఉప్పు టెర్మినల్ మీద పేరుకుని గాలిలోని తేమని పట్టి ఉంచుతుంది. రాగి, ఇత్తడి చిలుము పడతాయి. ఆ పొర కరెంట్‌ని సరిగా పోనివ్వదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన స్తంభాలు ఎన్నో పడగొట్టాక, నగరంలో భూగర్భ కేబుళ్లు వేసే పని చేపట్టారు. చాలా మంచి పని. కానీ వీధిలో వైరు నేల లోపలికి వెళ్లినా, మన ఇంట్లో స్క్రూ మాత్రం ఆ ఉప్పుగాలికే ఉంది. గీజర్, ఏసీ, మోటారు, ఈ పెద్ద లోడ్ల సాకెట్లు ఏడాదికొకసారి మెయిన్ ఆపించి బిగింపులు చూపించుకోండి. ప్లగ్‌లో గుచ్చే చిన్న డిజిటల్ వోల్ట్ మీటర్లు బజార్లో దొరుకుతాయి. గీజర్ లైన్ మీదే ఇంకో ప్లగ్ పాయింట్ ఉంటే అందులో పెట్టి, గీజర్ వేయకముందు, వేశాక చూడండి. ఐదారు వోల్టులు పడిపోయి, వేరే గదిలో మాత్రం పడకపోతే, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. కవర్లు విప్పడం మాత్రం మీరు చేయకండి. తడి ఒంటికి రెసిస్టెన్స్ వెయ్యి ఓమ్‌ల దాకా పడిపోవచ్చు. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియర్, అంటే 230 మిల్లీ ఆంపియర్లు. మనిషిని కాపాడడానికి ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ అనే స్విచ్ 30 మిల్లీ ఆంపియర్లకే పడాలి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. చెమట పట్టిన చేతులతో బోర్డు జోలికి ఎందుకు పోకూడదో తెలుస్తుంది.

పిల్లలకి మీటర్ల గురించి రెండు మాటలు, ఎందుకంటే ప్రాణాల మీదికి వచ్చే తప్పులు ఇక్కడే జరుగుతాయి. వోల్ట్ మీటరుని వస్తువుకి పక్కపక్కన, రెండు కొసలకీ పెడతాం. ఆమ్మీటరుని దారి మధ్యలో పెడతాం. ఆమ్మీటరుకి రెసిస్టెన్స్ ఇంచుమించు సున్నా. మల్టీమీటర్ ఎర్ర ప్రోబు ఆంప్స్ రంధ్రంలో మర్చిపోయి, వోల్టేజ్ చూద్దామని సాకెట్లో పెట్టారనుకోండి. 230ని సున్నాకి దగ్గరైన అంకెతో భాగించండి. అది షార్ట్ సర్క్యూట్. మీటరు చేతిలోనే పేలవచ్చు. ప్రతిసారీ ప్రోబు ఏ రంధ్రంలో ఉందో కళ్లతో చూసి, నోటితో చెప్పుకుని, అప్పుడు పెట్టండి. టాంగ్ టెస్టర్‌తో ఆ గొడవ లేదు, ఏ తీగా విప్పక్కర్లేదు. ఒక్క వైరుకే వేయాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టిస్తే వెళ్లేదీ వచ్చేదీ చెల్లుకు చెల్లై సున్నా చూపిస్తుంది.

ఇక మోటార్ల సంగతి. అపార్ట్‌మెంట్లో నీళ్ల మోటారు 230 వోల్టుల దగ్గర 6 ఆంపియర్లు తీసుకుంటోందనుకుందాం. గుణిస్తే 1380. కానీ వాట్ మీటరు పెడితే 1100 చూపిస్తుంది. మోటారు చుట్టలు అయస్కాంత క్షేత్రాన్ని కట్టడానికి కొంత కరెంట్ తీసుకుని, మరుక్షణం దాన్ని లైనుకి తిరిగి ఇచ్చేస్తాయి. ఆ కరెంట్ వైర్లలో తిరుగుతుంది, టాంగ్ టెస్టర్‌కి కనిపిస్తుంది, పని మాత్రం చేయదు. 1100ని 1380తో భాగిస్తే 0.8, అదే పవర్ ఫ్యాక్టర్. ఇంటి మీటరు ఆ 1100 వాట్లనే లెక్క కడుతుంది. భాగహారం కూడా ఇక్కడ వేరే. 230 బై 6 అంటే 38 ఓమ్‌లు వస్తుంది కానీ, మోటారు ఆపి చుట్టని కొలిస్తే కొద్ది ఓమ్‌లే ఉంటుంది. ఆ 38ని ఇంపెడెన్స్ అంటాం. మోటారు తిరగకుండా బిగుసుకుపోతే ఆ 38 పడిపోయి కరెంట్ అమాంతం పెరుగుతుంది. స్విచ్ వేశాక గుయ్ మంటూ తిరగకపోతే వెంటనే ఆపేయమనేది అందుకే.

కరెంట్ వర్గం సంగతి పెద్ద ఎత్తున చూడాలంటే పరవాడ వైపు వెళ్లండి. సింహాద్రి ఎన్టీపీసీ, ఒక్కొక్కటి 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. ఆ కరెంటు 400 కిలోవోల్టుల లైన్ల మీద బయటికి వెళ్తుంది. అదే పవర్‌ని పదిరెట్ల వోల్టేజ్ మీద పంపితే కరెంట్ పదో వంతు చాలు, అదే వైరులో నష్టం నూరో వంతుకి దిగుతుంది. ఆ టవర్లు అంత ఎత్తున, ఆ పింగాణీ గిన్నెల వరసలు అంత పొడవున ఉండటానికి కారణం ఈ ఒక్క వర్గమే.

ఇక ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.

(ప్రశ్న: సార్, సాకెట్లో టెస్టర్ పెడితే లైటు వెలుగుతోంది. ఫ్యాన్ పెడితే తిరగట్లేదు. వేరే గదిలో అదే ఫ్యాన్ తిరుగుతోంది. ఎందుకు?)

టెస్టర్లో ఉన్న చిన్న నియాన్ దీపం వెలగడానికి కావలసిన కరెంట్ ఎంతో తెలుసా? మిల్లీ ఆంపియర్‌లో చిన్న వంతు. తెగిపోవడానికి సిద్ధంగా ఉన్న వైరులోంచి కూడా అంత కరెంట్ వచ్చేస్తుంది. ఫ్యాన్ పెట్టేసరికి అర్ధో పావో ఆంపియర్ కావాలి, అప్పుడు ఆ చెడిపోయిన చోటే వోల్టేజ్ అంతా పడిపోతుంది. న్యూట్రల్ తెగినా అంతే, ఫేజులో టెస్టర్ ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. టెస్టర్ చెప్పేది ఫేజు ఉందని మాత్రమే. పని చేయగలదని చెప్పదు. ఆ సాకెట్లో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య సిరీస్ బోర్డు బల్బు పెట్టి, అది వెలుగుతుండగా వోల్టేజ్ చూడు. ఎంత పడిందో తెలిస్తే లోపం ఎంత పెద్దదో తెలుస్తుంది.

(ప్రశ్న: మాస్టారూ, మా ఇన్వర్టర్ బ్యాటరీ కొత్తదే. నాలుగు గంటలు రావాల్సింది రెండు గంటలకే కూతపెట్టి ఆగిపోతోంది. బ్యాటరీ వైరు పట్టుకుంటే వేడిగా ఉంది. బ్యాటరీ మార్చమంటున్నారు.)

మార్చకండమ్మా, ముందు కొలిపించండి. ఇన్వర్టర్ లోడ్, దాని సొంత నష్టం కలిపి బ్యాటరీ నుంచి 600 వాట్లు లాగుతోందనుకుందాం. బ్యాటరీ 12 వోల్టులు. 600ని 12తో భాగిస్తే 50 ఆంపియర్లు. గీజర్ లైన్లో పోయేదానికి ఆరు రెట్లు. 50ని 50తో గుణిస్తే 2500. బ్యాటరీ టెర్మినల్ దగ్గర ఓమ్‌లో నూరో వంతు రెసిస్టెన్స్ ఉన్నా చాలు, 25 వాట్లు అక్కడే వేడైపోతాయి, అర వోల్టు అక్కడే పడిపోతుంది. 230లో అర వోల్టు పోతే ఎవరికీ పట్టదు. 12లో అర వోల్టు పోతే, బ్యాటరీలో ఛార్జ్ ఇంకా ఉండగానే ఇన్వర్టర్ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. మీకు జరుగుతున్నది ఇదే కావచ్చు. మీ ఎలక్ట్రీషియన్‌ని ఇన్వర్టర్ మీద లోడ్ నడుస్తుండగా రెండు చోట్ల వోల్టేజ్ చూడమనండి. ఒకటి బ్యాటరీ సీసం బొడిపెల మీద. రెండోది ఇన్వర్టర్ వెనక వైర్లు బిగించిన చోట. రెండింటికీ తేడా పావు వోల్టు దాటితే బ్యాటరీ జోలికి పోకుండా టెర్మినల్స్ విప్పించండి. తెల్లగానో పచ్చగానో పూత పట్టి ఉంటే వేణ్నీళ్లు, వంటసోడాతో తుడిపించి, ఆరాక గట్టిగా బిగించి పైన వాజలైన్ రాయించండి. ఆ తర్వాత అదే లోడ్ మీద ఆ రెండు రీడింగులూ మళ్లీ తీసి నాకు ఫోన్ చేసి చెప్పండి. అప్పటికీ బ్యాటరీ బొడిపెల మీదే వోల్టేజ్ పడిపోతుంటే, అప్పుడు బ్యాటరీ సంగతి చూద్దాం.